డేటాబేస్‌లో ఆదివారం ఎప్పుడు మొదలవుతుంది?

ఈరోజు ఎపిసోడ్‌లో ఉద్యోగంలో నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తా.

అప్పట్లో ఒక డెలివరీ యాప్‌కి పనిచేసేవాణ్ణి. ఆదివారం ఇచ్చిన ప్రతి ఆర్డర్‌కీ రైడర్లకి బోనస్ ఉండేది. ఒకరోజు ఒక రైడర్ అన్న ఫోన్ చేసి, "తమ్ముడూ, శనివారం రాత్రి పన్నెండు దాటినంక నాలుగు ఆర్డర్లు ఇచ్చిన. అది ఆదివారమే కదా? బోనస్ పడలే" అన్నాడు.

చూస్తే ఆయన చెప్పిందే కరెక్ట్. మా మైఎస్‌క్యూఎల్ సర్వర్ యూటీసీలో ఉంది. మన టైమ్ దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. మనకి ఆదివారం తెల్లవారుజామున 1:00 అయితే, అక్కడ ఇంకా శనివారం రాత్రి 7:30. అంటే పొద్దున 5:30 దాకా తిరిగిన ఆర్డర్లన్నీ శనివారం లెక్కలోకే పోయాయి.

కంగారులో సర్వర్ టైమ్ జోన్‌ని +05:30కి మార్చేశా. అదే అసలు తప్పు!

ఎందుకంటే మైఎస్‌క్యూఎల్‌లో టైమ్ దాచే కాలమ్‌లు ముఖ్యంగా రెండు రకాలు. టైమ్‌స్టాంప్ అయితే, మీ కనెక్షన్‌కి ఉన్న జోన్ చూసి యూటీసీలోకి మార్చి దాచుకుంటుంది. చదివేటప్పుడు మళ్ళీ మీ జోన్‌లోకి మార్చి చూపిస్తుంది. డేట్‌టైమ్ అలా కాదు. గోడ మీద గడియారాన్ని ఫొటో తీసినట్టు, ఇచ్చిన అంకెల్నే దాచుకుంటుంది. అది ఏ ఊరి గడియారమో దానికి తెలీదు.

మాది డేట్‌టైమ్. దాంతో పాత ఆర్డర్లు యూటీసీలో, కొత్తవి మన టైమ్‌లో, రెండూ ఒకే కాలమ్‌లో కలిసిపోయాయి. పైగా గ్లోబల్ సెట్టింగ్ మారిస్తే కొత్త కనెక్షన్లకే వర్తిస్తుంది. అప్పటికే తెరిచి ఉన్నవి పాత జోన్‌లోనే రాస్తూ పోయాయి. యాప్ లాగ్‌తో పోల్చి సరిచేయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ తర్వాతే అన్నకి బోనస్ పడింది.

అందుకే మీరు ప్రాజెక్ట్ మొదలుపెట్టినప్పుడే మూడు పనులు చేయండి. ఒకటి, గ్లోబల్ జోన్, సెషన్ జోన్ రెండూ చెక్ చేయండి. "సిస్టమ్" అని వస్తే, సర్వర్ మెషీన్ టైమ్‌నే వాడుతోందని అర్థం. రెండు, జరిగిన సంఘటన టైమ్‌ని యూటీసీలోనే దాచండి. మూడు, తేదీల వారీగా లెక్కవేసే ముందే మన టైమ్‌లోకి మార్చండి. తేదీ విడదీశాక మారిస్తే లాభం లేదు.

మనకి +05:30 ఏడాదంతా ఒకటే. డల్లాస్‌లో యూజర్లుంటే మాత్రం అంకె రాయకండి. అక్కడ వేసవిలో గడియారం గంట ముందుకి జరుపుతారు. జోన్ పేరే వాడాలి, అందుకు మైఎస్‌క్యూఎల్‌లో జోన్ టేబుల్స్ ముందే లోడ్ చేసి ఉండాలి.

మనకి అది ఒక కాలమ్. ఆ అన్నకి ఒక రాత్రి కష్టం. ఇవాళే మీ సర్వర్‌లో జోన్ చెక్ చేసి, ఏమొచ్చిందో కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం, బై!