సోలార్ గాజుపై చిల్లుల పొర

కొత్తపట్నం సముద్రం ఒడ్డు ఊరు. ఇక్కడ మిద్దె మీద సోలార్ పలక పెడితే ఎండతోపాటు ఉప్పుగాలి కూడా దాని మీద పడుతుంది. రెండింటికీ ముందుగా ఎదురయ్యేది పైనున్న గాజే.

గాలి వక్రీభవన గుణకం 1, గాజుది దాదాపు 1.5. ఈ తేడా వల్ల నిటారుగా పడే వెలుగులో సుమారు 4 శాతం గాజు పైముఖం దగ్గరే వెనుదిరుగుతుంది. రెండింటి మధ్య 1.22 గుణకమున్న పొరను దాదాపు 110 నానోమీటర్ల మందాన వేస్తే, దాని పైనుంచి, అడుగునుంచి తిరిగొచ్చే తరంగాలు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. కానీ పొరకు వాడే సిలికా గట్టిగా ఉంటే దాని గుణకమే 1.45. అందులో సగం చోటు గాలితో నింపితే లెక్క కుదురుతుంది.

ఆ చోటు మిగిల్చే పద్ధతికి సోల్-జెల్ అని పేరు. టెట్రాఇథైల్ ఆర్థోసిలికేట్ అనే ద్రవంలో ఆల్కహాల్, నీళ్లు, కాస్త ఆమ్లం, సబ్బు జాతి రసాయనం కలుపుతారు. గాజును అందులో ముంచి ఒకే వేగంతో పైకి లాగుతారు. వేగం పెంచితే పొర మందమవుతుంది. ఆల్కహాల్ ఆవిరవుతుంటే సబ్బు అణువులు గుంపులు కడతాయి, వాటి చుట్టూ సిలికా గట్టిపడుతుంది. తర్వాత 400 డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. ఇటుక మట్టిలో కలిపిన ఊక బట్టీలో కాలిపోయి సందులు మిగిల్చినట్టే, గుంపులున్న చోట కొద్ది నానోమీటర్ల రంధ్రాలు మిగులుతాయి. వెలుగు తరంగాలకంటే అవి ఎంతో చిన్నవి కనుక గాజు మసకబారదు.

టైటానియం ఆక్సైడ్ పొరలకూ ఇదే దారి. అయితే టైటానియం రసాయనాలు తేమ తగిలితే చాలు, గబగబా తెల్లగా విరిగిపోతాయి. అందుకే ఆమ్లం, గదిలోని తేమ రెండూ అదుపులో ఉండాలి. పొర మందమైనా, తొందరగా ఆరినా పగుళ్లిస్తుంది. ఆరేటప్పుడు రంధ్రాల్లోని ద్రవం గోడలను లోపలికి లాగడమే కారణం.

సముద్రతీరంలో అసలు పరీక్ష తేమది. రంధ్రాల్లో గాలి పోయి నీరు చేరితే గుణకం పెరిగి లాభం తగ్గుతుంది. అందుకని రంధ్రాల గోడలకు నీటిని అంటనివ్వని రసాయనం పట్టిస్తారు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ (ARCI) పరిశోధన సంస్థ సోలార్ గాజుకు ఇలాంటి పూతల మీద పనిచేస్తోంది.

తీరప్రాంతంలో పలక కొనేవారు ఉప్పుగాలి పరీక్ష నెగ్గిందో లేదో అడగండి. ఉప్పు పేరుకుంటే మంచినీళ్లు పోసి మెత్తని గుడ్డతో తుడవండి. ఇసుకతో, పీచుతో రుద్దితే ముందు పోయేది ఆ పొరే.