శుక్రవారం టపాకాయలు, ఆదివారం మౌనం

ప్రొద్దుటూరు: మన జిల్లా మూడు మహానగరాల నడుమ వున్నది. చదువుకు హైదరాబాదు పోయేవారున్నారు, కొలువుకు బెంగుళూరు పోయేవారున్నారు, బట్టల బేరానికి చెన్నై పోయేవారున్నారు. అందువల్ల ఐ.పి.ఎల్. క్రికెట్ వచ్చిందంటే ఒకే ఇంట్లో మూడు పార్టీలు తయారవుతాయి. అన్న హైదరాబాదంటాడు, తమ్ముడు బెంగుళూరంటాడు, ధోనీ మీది అభిమానంతో బావమరిది చెన్నై అంటాడు. అమ్మ మాత్రం "సీరియల్ చూడనీండ్రా నాయనా" అంటుంది.

ఆంధ్రప్రదేశ్‌కు ఐ.పి.ఎల్.లో సొంత జట్టు లేదు. హైదరాబాదు వేరే రాష్ట్రానికి పోయి యేళ్ళు గడిచాయి. ఉమ్మడి రాజధాని గడువు కూడా 2024 జూన్ 2తో తీరిపోయింది. అయినప్పటికీ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో హైదరాబాదు జట్టు ఆడుతున్నదంటే "మనోళ్ళు" అనే మాటే వినిపిస్తుంది. జట్టు యజమానులు చెన్నై వారు, 2024లో కెప్టెన్ ఆస్ట్రేలియా వాడు, మొదటి బ్యాటర్లలో ఒకడు ఆస్ట్రేలియా, ఒకడు పంజాబు. విశాఖపట్నం కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి ఒక్కడే మనవాడని చెప్పుకోవడానికి. ఐనా మనోళ్ళే! అభిమానానికి రేషన్ కార్డు అక్కరలేదు కదా.

ఈ విలేఖరి కూడా అదే పక్షం. కనుక 2024 మే 24, 26 తేదీల ఆ శుక్ర, ఆదివారాల ముచ్చట చెప్పడంలో కొంత పక్షపాతం కనిపిస్తే చదువరులు మన్నించాలి.

నాలుగు జట్లు, నాలుగు ఆటలు

ఆట తెలియనివారి కోసం ఒక మాట. ఐ.పి.ఎల్.లో పది జట్లు, తలా పధ్నాలుగు ఆటలు. వాటిలో మొదటి నాలుగు స్థానాలు పొందిన జట్లు ప్లేఆఫ్ అనే ఆఖరి ఘట్టానికి చేరతాయి. మొదటి రెండు స్థానాల వారికి ఒక వెసులుబాటు వుంది. వారిద్దరూ తలపడి గెలిచినవాడు నేరుగా ఫైనలుకు పోతాడు, ఓడినవాడికి ఇంకొక అవకాశం మిగులుతుంది. మూడు, నాలుగు స్థానాల వారికి ఆ భాగ్యం లేదు, ఓడితే ఇంటికే.

2024లో కలకత్తా మొదటి స్థానం, హైదరాబాదు రెండవ స్థానం, రాజస్థాన్ మూడు, బెంగుళూరు నాలుగు. మే 21న అహమ్మదాబాదులో కలకత్తా చేతిలో హైదరాబాదు 8 వికెట్ల తేడాతో ఓడింది. మరునాడు బెంగుళూరు రాజస్థాన్ చేతిలో ఓడి ఇల్లు చేరింది. వరుసగా ఆరు ఆటలు గెలిచి వచ్చిన బెంగుళూరు అలా వెళ్ళిపోయేసరికి, అక్కడ కొలువులు చేసుకుంటూ సెలవు మీద పులివెందుల వచ్చిన యువకుల ముఖాలు వాడిపోయాయి. హైదరాబాదు పక్షం వారు వారిని ఓదార్చారో, ఎగతాళి చేశారో ఇక్కడ చెప్పనవసరం లేదు.

శుక్రవారం

మే 24 శుక్రవారం రాత్రి చెన్నై చేపాక్ మైదానంలో హైదరాబాదు, రాజస్థాన్ ఢీకొన్నాయి. మే నెల ఎండకు పగలంతా నిప్పుల కొలిమిగా వున్న మిద్దెలు రాత్రి ఎనిమిదికి కూడా చల్లారలేదు. టి.వి.ని వసారాలోకి లాగి, బొరుగులు కలుపుకొని, నలుగురూ చేరి చూసిన ఇళ్ళు ఎన్నో. చేతిలో ఫోను వున్నవాడు మిద్దె మీదికి పోయి ఒంటరిగా చూశాడు. ఒంటరిగా చూసేవాడి సంగతి తరువాత చెప్పుకుందాం.

టాస్ గెలిచిన రాజస్థాన్ హైదరాబాదును ముందు ఆడమన్నది. రాత్రి మంచు పడి బంతి జారుతుందని వారి లెక్క. రాహుల్ త్రిపాఠి 15 బంతుల్లో 37 కొట్టాడు. వికెట్లు టపటపా రాలుతుంటే క్లాసెన్ ఒక పక్క నిలబడి 34 బంతుల్లో 50 చేశాడు. మొత్తం 9 వికెట్లకు 175. "ఇది చాలదబ్బా" అన్నవారే ఎక్కువ.

రాజస్థాన్ బ్యాటింగ్‌లో జైస్వాల్ 21 బంతుల్లో 42 చేసేసరికి ఆ మాటే నిజమవుతుందనిపించింది. కాని ఆశించిన మంచు పడలేదు, బంతి తిరగడం మొదలుపెట్టింది. బ్యాటింగ్ కోసం పేరుపడ్డ అభిషేక్ శర్మ బంతి పట్టి 2 వికెట్లు తీశాడు. మధ్యలో బరిలోకి దింపిన షాబాజ్ అహ్మద్ 23 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. రాజస్థాన్ 139 దగ్గర ఆగిపోయింది. 36 పరుగుల గెలుపు. అర్ధరాత్రి వేళ టపాకాయలు పేలాయి. ఎన్నికల ఫలితాలకని దాచిపెట్టుకున్నవి కొన్ని అందులో ఖర్చయి వుంటాయి.

శనివారం

శనివారం ఆట లేదు. అభిమానికి అసలైన పండుగ అదే. గెలుపు చేతిలో వున్నది, ఓటమి ఇంకా రాలేదు. హోటళ్ళ దగ్గర కారం దోసె తింటూ, టీ బంకుల దగ్గర బెంచీ మీద కూర్చొని, ఆదివారం ఎవరిని ఎట్లా ఔట్ చేయాలో తేల్చేశారు. చీనీ తోటలో నీళ్ళు కట్టే మనిషి కూడా కమ్మిన్స్ టాస్ గెలిస్తే ఏం చేయాలో చెప్పగలిగాడు.

ఆశ పెట్టుకోవడంలో తప్పులేదు. ఆ యేడు హైదరాబాదు ఆడిన ఆట అటువంటిది. ఏప్రిల్ 15న బెంగుళూరు గడ్డ మీదనే 3 వికెట్లకు 287 పరుగులు చేసింది. అంత స్కోరు ఐ.పి.ఎల్.లో అంతకు ముందు ఏ జట్టూ చేయలేదు. మే 8న లక్నోపై 166 పరుగుల లక్ష్యాన్ని పది ఓవర్లు పూర్తి కాకుండానే, ఒక్క వికెట్టూ పోకుండా కొట్టి అవతల పారేసింది.

ఆ రోజుల్లో ఇంకొక ఆట కూడా సగంలో వున్నది. మే 13న పోలింగు ముగిసింది, జూన్ 4న లెక్కింపు. క్రికెట్ మాట పది నిమిషాలు సాగితే మెజారిటీల మాట పదిహేను నిమిషాలు సాగేది. రెండింటి చివరా వచ్చే ప్రశ్న ఒకటే: "ఎంత పెడతావు?"

ఆదివారం

మే 26. అదే చేపాక్ మైదానం, ఎదురుగా కలకత్తా. కమ్మిన్స్ టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకున్నాడు. కలకత్తా తరఫున బంతి పట్టినవాడు మిచెల్ స్టార్క్. వేలంలో 24 కోట్ల 75 లక్షలు పలికి ఆనాటికి రికార్డు నెలకొల్పినవాడు. కమ్మిన్స్ పలికిన ధర 20 కోట్ల 50 లక్షలు. ఇద్దరూ ఆస్ట్రేలియా జట్టులో కలిసి బంతులు వేసేవారే.

మొదటి ఓవర్ అయిదవ బంతి. అభిషేక్ శర్మ బ్యాటును దాటి పోయి ఆఫ్ స్టంపును తాకింది. బొరుగుల గిన్నె దగ్గర చేతులు ఆగిపోయాయి. రెండవ ఓవర్లో ట్రావిస్ హెడ్ తాను ఆడిన మొదటి బంతికే వికెట్ కీపరుకు చిక్కాడు. యేడాది పొడుగునా ఎవరి బ్యాట్ల మీద ఆశలు పెట్టుకున్నామో ఆ ఇద్దరూ పన్నెండు బంతులు పూర్తయ్యేలోగా పోయారు. ఆ తరువాత జరిగినది చెప్పడానికి నోరు రాదు. 18.3 ఓవర్లలో 113 ఆలౌట్. ఐ.పి.ఎల్. ఫైనళ్ళలో అంత తక్కువకు ఏ జట్టూ ఆలౌట్ కాలేదు. అందరిలోకీ ఎక్కువ పరుగులు చేసినవాడు బౌలరైన కెప్టెన్ కమ్మిన్స్, అవి 24. కలకత్తా 10.3 ఓవర్లలోనే పని ముగించింది. వెంకటేశ్ అయ్యర్ 26 బంతుల్లో 52 చేసి అజేయంగా నిలిచాడు.

287 చేసినవారూ వీరే, 113 చేసినవారూ వీరే. మన మెట్ట సేద్యంలాగే వున్నది. ఒక యేడు పంట కల్లం పట్టదు, మరుసటి యేడు విత్తనం కూడా తిరిగి రాదు. ఎవరినని నిందిస్తాం? జట్టు యజమాని కావ్యా మారన్ కన్నీళ్ళు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టడం టి.వి.లో చూసినప్పుడు ఈ విలేఖరికీ గొంతు పట్టుకున్నది. రాత్రి పది దాటగానే టి.వి.లు ఆగిపోయాయి, వీధి సద్దుమణిగింది.

పాత లెక్కలు

నిజానికి ఇటువంటి వారాంతాలలో హైదరాబాదు పేరు గెలిచిన రోజులూ వున్నాయి. 2009లో ఎన్నికల కారణంగా ఐ.పి.ఎల్.ను దక్షిణాఫ్రికాలో జరిపారు. అంతకు ముందు యేడు అట్టడుగున నిలిచిన డెక్కన్ ఛార్జర్స్ ఆ యేడు సెమీఫైనల్ చేరింది. మే 22 శుక్రవారం ఢిల్లీపై గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టి ఫైనలుకు చేర్చాడు. మే 24 ఆదివారం ఫైనల్లో అదే గిల్‌క్రిస్ట్ కుంబ్లే బంతికి సున్నాకే పోయాడు. అయినా గిబ్స్ అజేయంగా 53 చేసి జట్టును 143కు చేర్చగా, బెంగుళూరు 137 వద్ద ఆగింది. ఆరు పరుగుల గెలుపు. ఆ జట్టు 2012తో కనుమరుగైంది, దాని చోట సన్‌రైజర్స్ వచ్చింది.

2016 మే 27 శుక్రవారం గుజరాత్‌పై వార్నర్ అజేయంగా 93. మే 29 ఆదివారం బెంగుళూరు మైదానంలో బెంగుళూరుపైనే 8 పరుగుల గెలుపు. గేల్, కోహ్లీ మొదటి వికెట్టుకు 114 పరుగులు చేసిన తరువాత కూడా! ఆ రాత్రి బెంగుళూరు పక్షం వారు అన్నం తినకుండా పడుకున్నారంటే నమ్మవచ్చు. వారి బాధ 2025 జూన్ 3న తీరింది. ఆ రాత్రి పంజాబ్‌పై గెలిచిన తేడా కూడా ఆరు పరుగులే. కాని మరునాడే చిన్నస్వామి స్టేడియం వద్ద తొక్కిసలాటలో 11 మంది ప్రాణాలు పోవడంతో ఆ సంతోషం కూడా మిగలలేదు.

ఆట పోయి పందెం మిగిలింది

ఇక మిద్దె మీద ఒంటరిగా ఫోను చూసేవాడి సంగతి. ఐ.పి.ఎల్. నెలల్లో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో బెట్టింగ్ కేసులు పట్టుబడటం పత్రికలు చదివేవారికి కొత్త విషయం కాదు. ఒకప్పుడు బుకీ అనేవాడు ఒక మనిషి, అతనికొక గది, ఒక చీటీల పుస్తకం. తరువాత అదంతా జేబులోని ఫోనులోకి వచ్చి చేరింది.

మా వీధిలో ఒక మగ్గం నేసే కుటుంబం. పేరు అక్కరలేదు. చదువు ముగించి ఉద్యోగం కోసం చూస్తున్న కొడుకు శుక్రవారం హైదరాబాదుపై అయిదు వేలు పెట్టి నాలుగున్నర వేలు గెలిచాడు. శనివారం వాడు రాజు. ఆదివారం ఆ తొమ్మిదిన్నర వేలకు, తండ్రి రేషం కొనడానికి అప్పు తెచ్చి పెట్టెలో పెట్టిన పద్దెనిమిది వేలు కలిపి మళ్ళీ హైదరాబాదుపైనే పెట్టాడు. స్టార్క్ వేసిన బంతి మాకు ఒక వికెట్. ఆ ఇంట్లో మగ్గం ఆగిపోవడానికి అదే మొదలు. నూటికి మూడు రూపాయల వడ్డీ అప్పు అది. పద్దెనిమిది వేలకు నెలకు 540, యేడాదికి 6,480 రూపాయలు. అసలు అట్లనే వుంటుంది.

అభిషేక్ నిలబడి వుంటే ఆ డబ్బు నిలిచేదని ఆ అబ్బాయి ఇంకా అంటాడు. నిలిచేది కాదు. కావలసిన లెక్క చిన్నదే. రెండు జట్లూ సమానమనుకుందాం. వెయ్యి పెడితే గెలుపుకు తొమ్మిది వందలు ఇస్తారు. పది ఆటల్లో అయిదు గెలిచావు, 4,500 వచ్చింది. అయిదు ఓడావు, 5,000 పోయింది. ఏ తప్పూ చేయకుండానే 500 నష్టం. ఆట ఎవరు గెలిచినా ఆ 500 పందెం ఆడించేవాడికి చేరుతుంది. అతనికి ఏ జట్టు మీదా అభిమానం వుండదు.

ఇంకొక నష్టం లెక్కకు అందదు. పందెం కట్టినవాడు ఆటను చూడలేడు. క్లాసెన్ కొట్టిన సిక్సరు అతనికి సిక్సరు కాదు, రేటు మారడం. శుక్రవారం వీధంతా సంబరపడుతుంటే రాజస్థాన్‌పై పెట్టినవాడు తలుపు వేసుకున్నాడు. సొంత ఊరివాడే మన సంతోషానికి పరాయివాడయ్యాడు.

చట్టం లేకపోలేదు. రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం వున్నది. 2020లో దానిని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని కూడా నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ కేంద్ర చట్టం కింద ఆడించేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. కాని చట్టం మిద్దె మీదికి ఎక్కి ప్రతి ఫోనూ చూడలేదు. ఇంట్లో వారు చూడాలి. ఫోను పట్టుకొని కొడుకు చాటుకు పోతున్నాడా, ఆట ముగిసిన రాత్రి అన్నం మానేస్తున్నాడా, అడగాలి. కొట్టి కాదు, కూర్చోబెట్టుకొని. అప్పు చిన్నదిగా వున్నప్పుడు బయటపడితే తీరుతుంది. భయంతో దాస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఎర్రమల్లె అమ్మాయి

క్రికెట్ మనకు ఇచ్చేది అప్పులేనా అంటే, కాదు. మన జిల్లా వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె గ్రామం అమ్మాయి శ్రీచరణి ఎడమచేతి స్పిన్ బౌలరు. 2025 మహిళల ఐ.పి.ఎల్.కు ఢిల్లీ జట్టు ఆమెను 55 లక్షలకు తీసుకున్నది. అదే యేడు భారత జట్టులో చోటు దొరికింది. నవంబరు 2, అదీ ఒక ఆదివారమే, నవీ ముంబైలో భారత జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచ కప్పు తెచ్చింది. ఆ పోటీలో శ్రీచరణి తీసిన వికెట్లు 14. ఆ రాత్రి ఆ గ్రామం పేరు ఎక్కడుందో తెలియనివారు కూడా వెదుక్కున్నారు.

ఎర్రమల్లెకు వచ్చిన ఆ ఆదివారం ఏ బుకీ ఇచ్చినది కాదు, పొద్దున్నే లేచి బంతి వేసిన చేయి తెచ్చినది. మన ఊళ్ళలో పిల్లలకు చదునైన ఒక గ్రౌండు, ఒక నెట్టు, ఒక మ్యాటు సమకూర్చడానికి పంచాయతీలు, పెద్దలు ముందుకు రావాలి.

మళ్ళీ వేసవి వస్తుంది, మళ్ళీ శుక్రవారాలు, ఆదివారాలు వస్తాయి. హైదరాబాదు గెలుస్తుందో, మళ్ళీ 113కే కూలుతుందో ఎవరికీ తెలియదు. తెలియదు కనుకనే చూస్తాం. ఓడితే ఒక రాత్రి నిద్ర పోతుంది, తెల్లవారితే తోటకో మగ్గానికో పోవచ్చు. అభిమానికి అంతకు మించి నష్టం వుండకూడదు.