నివాస భవనాల ఇంధన నియమావళి: పరిధికి వెలుపల మిగిలిన పైకప్పు

భవనాల్లో విద్యుత్తు ఆదా అనగానే ఎల్‌ఈడీ దీపాలు, స్టార్ గుర్తింపు గల ఏసీలు స్ఫురిస్తాయి. అవి కొన్నేళ్లకొకసారి మారిపోయే వస్తువులు. గోడ, కిటికీ, కప్పు మాత్రం కట్టిననాడే నిర్ణయమై దశాబ్దాలపాటు నిలుస్తాయి. కేంద్ర ప్రభుత్వం 2018లో వెలువరించిన ‘ఎకో నివాస్ సంహిత’ తొలి భాగం అందుకే యంత్రాలను పక్కన ఉంచి భవనపు పైతొడుగుపై దృష్టి నిలిపింది.

ఇందులో కీలకమైన కొలమానం ఆర్‌ఈటీవీ. గోడలు, కిటికీల గుండా లోపలికి చేరే వేడిని ఇది లెక్కిస్తుంది. శీతల మండలం మినహా అన్ని వాతావరణ మండలాల్లోనూ ఈ విలువ చదరపు మీటరుకు 15 వాట్లు మించరాదు. గోడ పదార్థం, అద్దం గుణం, కిటికీల వైశాల్యం, వాటిపై పడే నీడ, అవి తెరుచుకునే దిక్కు అన్నీ లెక్కలోకి వస్తాయి. పడమట పెద్ద అద్దం కోరుకునేవారు ఆ భారాన్ని సజ్జాతోనో, మెరుగైన గోడతోనో పూడ్చుకోవలసి ఉంటుంది. పాత పెంకుటింటి చూరు లెక్కలు లేకుండానే చేసిన పని ఇదే.

పైకప్పు ఆర్‌ఈటీవీలో చేరదు. దానికి విడిగా పరిమితి ఉంది: ఒక డిగ్రీ ఉష్ణోగ్రతా భేదానికి చదరపు మీటరుకు 1.2 వాట్లు. ఉష్ణ నిరోధక పొర లేని మామూలు కాంక్రీటు శ్లాబు ఈ పరిమితిని అందుకోలేదు.

చిక్కంతా పరిధి దగ్గరే ఉంది. సంహిత 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లోని నివాసాలను ఉద్దేశించింది; అదీ రాష్ట్రాలు నోటిఫై చేసినప్పుడే కట్టుబాటు అవుతుంది. 2022 నాటి చట్ట సవరణ నివాస భవనాలను చేర్చుకున్నా 100 కిలోవాట్ల అనుసంధానిత భారాన్ని హద్దుగా ఉంచింది. తెలంగాణ 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం సైతం నివాసాల విషయంలో 600 గజాల దగ్గరే గీత గీసింది.

బహుళ అంతస్తుల భవనంలో ఎండ కాచిన శ్లాబు కింద ఉండేది పై అంతస్తువారే. 150 గజాల ఒంటి అంతస్తు ఇంట్లో ప్రతి గదీ దాని కిందే. కప్పు ప్రభావం అత్యధికంగా ఉన్న ఇల్లే నియమానికి వెలుపల మిగిలిందన్నమాట. భారపు హద్దును తగ్గించే అధికారం చట్టమే రాష్ట్రాలకు ఇచ్చింది. తెలంగాణలో 500 చదరపు మీటర్ల లోపు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణపైనే అనుమతి లభిస్తున్నది. కప్పు నిర్మాణ వివరాన్ని ఆ పత్రంలోనే అడగవచ్చు.