కెమెరా బ్యాటరీ ఆయుర్దాయము

పురోహితుడు మంగళసూత్రమును వరుని చేతికందించినాడు. సరిగా ఆ క్షణముననే నా డిజిటల్ కెమెరా కన్ను మూసికొన్నది! మా మేనకోడలి వివాహమున జరిగిన ముచ్చట యిది. ఆ ఘట్టము మరల రాదు గదా!

దోషము బ్యాటరీది కాదు, నాది. తీసిన ప్రతి ఫోటోను వెనుకనున్న తెరపై పదిమందికిని చూపుచు కూర్చుంటిని. కెమెరాలో విద్యుత్తును విశేషముగా హరించునది ఆ తెరయే. వెలుగు తగ్గించి, కొద్ది సెకన్లకే అది ఆరిపోవునట్లు అమర్చుకొనవలెను. ఫ్లాష్ వాడకమును తగ్గించిన మరికొన్ని ఫోటోలు దక్కును.

బ్యాటరీ పూర్తిగా ఖాళీయైన పిమ్మటనే ఛార్జి చేయవలెనని ఇప్పటికిని కొందరి నమ్మకము. అది పాత నికెల్-కాడ్మియం బ్యాటరీల నాటి మాట. 1991లో విపణికి వచ్చిన లిథియం-అయాన్ జాతికి ఈ ఉపవాసము గిట్టదు. అట్లని నిండుగా నింపి నెలల తరబడి బీరువాలో నుంచుటయు తగదు. సుమారు సగము ఛార్జితో చల్లనిచోట నుంచవలెను. అన్నిటికంటె వేడిమి చేటు. రెంటచింతల ఎండలో నిలిపిన కారులో కెమెరాను వదలుచుండినచో బ్యాటరీ సత్తువ త్వరగా క్షీణించును. ఆ నష్టము మరల పూడదు. లంబసింగి వేకువచలిలోనో, అది తాత్కాలికముగా నీరసించును. చొక్కా జేబులో కొంతసేపు వెచ్చగా నుంచిన తేరుకొనును.

ఇప్పుడు పెండ్లిండ్లకు పోవునపుడు రెండవ బ్యాటరీ నా జేబులోనే యుండును.