ఆముదంలో నానిన కరెంటు: హై వోల్టేజ్ పల్స్ కెపాసిటర్ లోపల ఏముంటుంది?

తిరుపతి నుంచి చిత్తూరు రోడ్డులో పోతే గాదంకి దగ్గర ఎన్‌ఏఆర్‌ఎల్ అనే వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 1998లో జపాన్ సహకారంతో అక్కడ లైడార్ పెట్టారు. రాత్రిపూట పచ్చటి లేజర్‌ను పైకి వదిలి, తిరిగొచ్చే వెలుతురును బట్టి గాలిలో ధూళిని, ఉష్ణోగ్రతను కొలుస్తారు. ఇలాంటి లేజర్‌లో ప్రతి దెబ్బకీ ఒక ఫ్లాష్ ల్యాంప్ వెలగాలి. దానికి ఒక్కసారిగా కరెంటు కుమ్మరించేది పల్స్ కెపాసిటర్. అక్కడ సాధారణంగా వెయ్యి, రెండు వేల వోల్టుల మాట. ఈరోజు ఇంకా పెద్దదాన్ని, 20 వేల వోల్టులది తీసుకుందాం.

1 మైక్రోఫారడ్, 20 వేల వోల్టులు అంటే 200 జౌల్స్. మీ చేతిలోని 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో దీనికి 300 రెట్లకు పైనే ఉంటుంది! కానీ బ్యాటరీ గంటల తరబడి ఇస్తుంది. ఇది 10 మైక్రోసెకన్లలో ఇచ్చేస్తే, ఆ కాసేపూ 20 మెగావాట్లు.

అంత వేగం ఎలా వస్తుంది? తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్స్ గుర్తు తెచ్చుకోండి. కంపార్ట్‌మెంట్ నిండా జనం, గేటు ఒక్కటే. గేటు తీసినా అందరూ బయటపడేసరికి టైమ్ పడుతుంది. అదే ఒక పక్క గోడ మొత్తం తీసేస్తే?

కెపాసిటర్ అంటే రెండు అల్యూమినియం రేకులు, మధ్యలో కాగితమో ప్లాస్టిక్ ఫిల్మో పెట్టి చాపలా చుట్టింది. మామూలు వాటిలో రేకుకు ఒకచోట చిన్న పట్టీ అతికిస్తారు. అదే ఆ ఒక్క గేటు. పల్స్ రకంలో ఒక రేకును పైకి, రెండోదాన్ని కిందికి కొంచెం జరిపి చుడతారు. పైన అన్ని చుట్ల అంచులూ ఒక ధ్రువం, కింద అన్నీ ఇంకోటి. అంచుల్ని మొత్తంగా లోహంతో కలిపేస్తారు. గోడ తీసేసినట్టే.

కాగితం ఒక్క పొర పెట్టరు. ఎంత మంచి కాగితంలోనైనా సూది మొనంత చిల్లులుంటాయి. రెండు మూడు పొరలేస్తే చిల్లు మీద చిల్లు పడదు. ఒక్క చుట్ట 20 వేల వోల్టులు తట్టుకోలేదు కాబట్టి, 4 వేల చొప్పున ఐదు చుట్టలు వరసగా కలుపుతారు. (కెపాసిటీ ఐదో వంతుకు పడిపోతుంది, అదీ లెక్కేసుకోవాలి.)

తర్వాత వ్యాక్యూమ్‌లో వేడిచేసి తేమంతా లాగేసి, నూనె ఎక్కిస్తారు. చాలా పల్స్ కెపాసిటర్లలో ఆ నూనె ఏంటో తెలుసా? ఆముదం! మన అవ్వలు తలకు పెట్టే ఆముదమే, బాగా శుద్ధి చేసింది. విద్యుత్ క్షేత్రంలో శక్తిని పట్టి ఉంచే గుణం దానికి ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపు. ఏసీలో ఆపకుండా వాడితే వేడెక్కుతుంది, అందుకే పల్స్ పనులకే ఇష్టపడతారు. లోపల ఒక్క గాలి బుడగ మిగిలినా అక్కడ చిన్న చిన్న నిప్పురవ్వలు పుట్టి, కాగితాన్ని తినేసి, చివరికి చిల్లు పెడతాయి.

ఇప్పుడు అసలు విషయం. పాత సామాన్ల అంగడిలో కొన్న మైక్రోవేవ్‌నో, కెమెరా ఫ్లాష్‌నో విప్పే తమ్ముళ్లూ, ఇది వినండి. కెపాసిటర్‌ను ఒకసారి ఖాళీ చేసి వదిలేస్తే, కాగితంలో, నూనెలో ఇంకిపోయిన ఛార్జ్ మెల్లగా మళ్లీ టెర్మినళ్ల మీదికి వస్తుంది. 20 వేలలో 5 శాతం తిరిగొచ్చినా 1000 వోల్టులు. ప్లగ్ పీకేసి ఉంది, మీటర్‌లో ఇందాక సున్నా చూశాం, అయినా గట్టి షాక్ కొడుతుంది. స్క్రూడ్రైవర్‌తో టక్కున కలిపితే లోపలి అతుకులు కూడా ఊడిపోవచ్చు. అందుకే ల్యాబుల్లో రెసిస్టర్ ఉన్న కర్రతో ఖాళీ చేసి, రెండు టెర్మినళ్లకీ ఒక వైరు చుట్టి, ఆ వైరుతోనే బీరువాలో పెడతారు. సంవత్సరాల తరబడి అలాగే ఉంచుతారు.