షెడ్డులోకి రావద్దన్నా, లైవ్‌లో చూడు!

చాకీ సాకి అమ్మేవాళ్లకు ఇది పాత చిక్కే. పురుగును కళ్లారా చూడందే రైతు అడ్వాన్సు ఇవ్వడు. చూడనిద్దామా, నాలుగు షెడ్లు తిరిగొచ్చిన కాళ్లతో రోగమూ లోపలికొస్తాది. ఫేస్‌బుక్‌లోనో యూట్యూబ్‌లోనో లైవ్ పెడితే ఆ భయం లేదు.

👉 పురుగు రెండో జ్వరానికి కూర్చునే ముందు, మేత వేసే పూట పెట్టండి. చురుకు, సైజు అప్పుడే తెలుస్తాయి. జ్వరంలో కదపొద్దు.

👉 మొదట రిజిస్ట్రేషన్ కాగితం, గుడ్లు పగిలిన తేదీ చెప్పండి. తర్వాత ఆకు, మీటరు చూపించండి. వేడి 26–28 డిగ్రీలు, తేమ 85–90 శాతం ఉండాల.

👉 ఫోన్ తుడిచి స్టాండుకు పెట్టండి. ఫోకస్ లైటు వద్దు, ఆ వేడికి ఆకు వాడుతాది.

👉 మంచి ట్రేలే ఏరి చూపొద్దు, అడిగిన ట్రే తీయండి. వెనకబడిన పురుగులుంటే చెప్పేయండి. దాచినా రెండు రోజుల్లో ఆయన షెడ్డులో బయటపడతాది, మళ్లీ మన గడప తొక్కడు.

గూళ్ల బేరం మాత్రం లైవ్‌లో పెట్టుకోకండి. కర్ణాటకలో అయితే శిడ్లఘట్ట, రామనగర లాంటి సర్కారు మార్కెట్లలో వేలానికే వేయాల.