చెక్క మీద కాగితం ముడతపడకుండా

బొమ్మల కాగితాన్ని కత్తిరించి పాత పీటకో, చెక్క ట్రేకో అంటించి పైన వార్నిష్ పూస్తే, ఆ బొమ్మ చెక్క మీదే గీసినట్టు కనిపిస్తుంది. దీన్ని డెకూపాజ్ అంటారు. 18వ శతాబ్దపు వెనిస్‌లో చైనా, జపాన్ లక్క సామాను మీద మోజు విపరీతంగా ఉండేది. అంత ఖరీదు పెట్టలేనివారి కోసం అక్కడి పనివారు అచ్చుబొమ్మలకు రంగులద్ది, చెక్కకు అంటించి, కాగితం అంచు వేలికి తగలనంతవరకు పూత మీద పూత వార్నిష్ వేసేవారు. ఈ రోజు అంటించే పనికి ఇంట్లో ఉన్న ఫెవికాల్ డబ్బా చాలు.

మొదటిసారి చేసేవారిని ఏడిపించేది ముడతలే. చేయి తిరగకపోవడం వల్ల వచ్చాయని చాలామంది నొచ్చుకుంటారు. నిజానికి ఆ ముడతలన్నీ నీరు చేసే పని.

కాగితం అంటే సెల్యులోజ్ పోగుల అల్లిక. నీరు పీల్చిన పోగు లావెక్కుతుందే గానీ పొడవు పెద్దగా పెరగదు. మిల్లులో గుజ్జును మోసే జల్లెడ వేగంగా ముందుకు సాగుతుంటుంది కాబట్టి ఎక్కువ పోగులు అది పోయే వైపే వాలి ఆరిపోతాయి. అందుకే తడిసిన కాగితం ఒక వైపు కొంచెం, దానికి అడ్డంగా చాలా ఎక్కువ సాగుతుంది. దినపత్రికను పైనుంచి కిందికి చింపితే దాదాపు తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే వంకరలు పోతుంది. తిన్నగా చిరిగిన దిక్కే పోగుల దిక్కు. ఒక చిన్న ముక్కను పళ్లెంలోని నీటి మీద వదిలి చూడండి. కింది ముఖం తడిసి ఉబ్బుతుంది, పై ముఖం ఇంకా పొడిగానే ఉంటుంది, చూస్తుండగానే ముక్క గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు పోగుల వెంబడే ఉంటుంది. కాసేపటికి పై ముఖమూ తడిసి మళ్లీ చదునవుతుంది.

కిటుకంతా ఆ కాసేపట్లోనే ఉంది. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో సుమారు సగం నీరే. పూసిన వెంటనే అద్దితే కాగితం చెక్క మీద ఇంకా సాగుతూ ఉంటుంది. అంచులు అప్పటికే పట్టుకుపోయి ఉంటాయి కాబట్టి నడుమ భాగం పైకి లేవక తప్పదు. అందుకే మందపాటి కాగితమైతే వెనకవైపు ముందే తడిపి, మెత్తబడేదాకా ఆగాలి. తర్వాత జిగురు పూసి, మధ్యనుంచి అంచులకు నెమ్మదిగా ఒత్తాలి. ఆరేటప్పుడు ఆ కాగితం కుంచించుకుని బిగుసుకుంటుంది. ఆ బిగువుకు పల్చటి పలక వంగిపోవచ్చు. వెనకవైపు కూడా అలాంటి కాగితమే అంటిస్తే రెండు లాగుళ్లూ సమానమవుతాయి.

పల్చటి టిష్యూ నాప్‌కిన్ అంటించినప్పుడు బొమ్మ మసకబారి చెక్క రంగు బయటపడుతుంది. పోగుల మధ్య ఉన్న గాలి వెలుగును చెదరగొట్టడం వల్లే కాగితం తెల్లగా కనిపిస్తుంది. ఆ ఖాళీల్లోకి జిగురు చేరగానే వెలుగు చెదరకుండా లోపలికి దూసుకుపోతుంది, ఎందుకంటే సెల్యులోజూ ఆరిన జిగురూ వెలుగును దాదాపు ఒకే మేర వంచుతాయి. కాబట్టి ముందుగా చెక్కకు తెల్ల రంగు వేసి ఆరబెట్టాలి. జిగురు ఆరాక పారదర్శకమయ్యేదీ వెలుగు చెదరడం ఆగిపోవడం వల్లే. నీటిలో విడివిడిగా తేలుతూ వెలుగును చెదరగొట్టే పాలీవినైల్ అసిటేట్ రేణువులు, నీరు పోయాక ఒకదానికొకటి అతుక్కుని ఒకే పొర అవుతాయి.

బొమ్మను ప్రింటర్‌లో తీసుకుంటే, ఇంక్‌జెట్ ప్రింట్ల రంగు చాలావరకు నీటికి కరిగి పారుతుంది. లేజర్ ప్రింటర్ టోనర్ ప్లాస్టిక్ పొడి కాబట్టి చెక్కుచెదరదు. మైదా జిగురు వాడితే పిండిపదార్థం కోసం బొద్దింకలు చేరతాయి. పుస్తకాలు బైండు చేసేవారు అందులో మైలుతుత్తం కలిపేది వాటిని దూరంగా ఉంచడానికే. అది విషం కాబట్టి తినే వస్తువులు పెట్టే ట్రేకు పనికిరాదు.

వార్నిష్‌కు తొందరపడకండి, వానాకాలంలో మరీను. లోపల చెమ్మ మిగిలితే పూత పాలిపోయినట్టు మసకగా కనిపిస్తుంది. పైన వార్నిష్ ఎంత గట్టిగా ఉన్నా, అడుగున ఉన్న తెల్ల జిగురు వేడికి మెత్తబడుతుంది. కాబట్టి పొగలు కక్కే కాఫీ గ్లాసును ట్రే మీద నేరుగా పెట్టకుండా, కింద మందపాటి గుడ్డ వేయండి.